రూతక్క సీసాలో నీలం స్ఫటికాలు

రూతక్క ఇక లేదట.

నిన్న పొద్దున గుడివాడ బస్టాండులో ఉండగా వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. చల్లపల్లిలో, కాలేజీకి తయారవుతూ కూలబడిపోయిందట. హార్ట్ ఎటాక్.

నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను.

మీలో చాలామందికి ఆవిడ ఇంటర్ కెమిస్ట్రీ మేడమ్. నాకు రీసెర్చ్ ల్యాబ్‌లో సీనియర్. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పనివాళ్ళ ఇంటి పిల్ల.

పల్లాడియం అయాన్లనీ, లిగాండ్లనే ఆర్గానిక్ ముక్కల్నీ కలిపి వదిలేస్తే, వాటంతట అవే చేరి బోలు పంజరంలా కట్టుకోవాలి. అదీ తన పీహెచ్‌డీ. "మా ఇంట్లో ప్రతి లింకూ చేత్తో అతకాలే. ఇక్కడ చెయ్యి పెట్టకుండా ఉండటమే పని" అని నవ్వేది.

చెయ్యి పెట్టింది నేను.

గుడ్ ఫ్రైడేకి ఇంటికెళ్తూ, ఆ రెండూ కలిపి స్ఫటికాలు కట్టడానికి వదిలిన సీసా నాకు అప్పగించింది. ఎనిమిది నెలలు కష్టపడి చేసిన లిగాండ్‌లో మిగిలిందంతా అందులోనే ఉంది. కదపొద్దు, మూత తియ్యొద్దు అంది.

వాళ్ళింట్లో నగల్ని రాగి తీగకి కట్టి పూత నీళ్ళలో వేలాడదీయడం చూశాను. ఆధారం ఉంటే స్ఫటికాలు త్వరగా వస్తాయనుకుని, నేనూ ఓ తీగ వేలాడదీశాను. అక్క తిరిగొచ్చేసరికి సర్‌ప్రైజ్ ఇద్దామని. ఎంత తెలివితక్కువదాన్నో.

నీలం స్ఫటికాలు వచ్చాయి. పల్లాడియం నల్లగా తీగకి పట్టేసింది. రాగి కరిగి పల్లాడియం చోట లిగాండ్‌తో కలిసింది; ఆ నీలం రాగిదే. లిగాండ్ మొత్తం పోయింది.

ఇది ల్యాబా, చిలకలపూడి పూత దుకాణమా అని గైడ్ సార్ అందరి ముందూ అక్కనే నిలదీశారు. అక్క నావైపు ఒక్కసారి చూసింది.

"పొరపాటు నాదే సార్" అంది.

ఆ వారమే నా ఫెలోషిప్ రెన్యువల్. తల వంచుకుని నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.

అక్కకి ఎక్స్‌టెన్షన్ రాలేదు. పీహెచ్‌డీ అక్కడే ఆగిపోయింది. నాది పూర్తయింది. ఎవరైనా డాక్టర్ గారూ అని పిలిస్తే ఇప్పటికీ పేరు పెట్టి పిలవమంటాను.

పోయిన నెల ఫోన్‌లో, "ఏదో చెప్పాలని చూస్తున్నావు, చెప్పెయ్యవే" అంది. ఏం లేదక్కా, సిగ్నల్ సరిగా లేదన్నాను.

నిన్న సాయంత్రం సమాధి దగ్గరికి సార్ కూడా వచ్చారు. చెబుదామని రెండుసార్లు దగ్గరికెళ్ళాను. రెండుసార్లూ మంచినీళ్ళు కావాలా అని అడిగి వచ్చేశాను.

అందుకే ఇక్కడ, అందరూ చూసేలా ఫేస్‌బుక్‌లో రాస్తున్నాను.

సార్, ఆ తీగ వేసింది నేను. రూతక్క కాదు.

క్షమించమని అడగడానికి నువ్వు లేవక్కా. నీ ప్రభువు దగ్గర నెమ్మదిగా విశ్రమించు.