రెండు మైకులు, ఒక వదిన

ఎనభై ఐదు శివరాత్రి. నరసరావుపేటలో మా సుభానీ బావది మైకుసెట్ల షాపు, నేను అందులో మెకానిక్కుని. ఆ ఏడు కోటప్పకొండ తిరునాళ్లలో, తప్పిపోయినవాళ్ల పందిట్లో మైకు మాదే. నా పని ఆంప్లిఫయర్ దగ్గర, అంటే గొంతుని పెద్దది చేసే పెట్టె దగ్గర. మాట్లాడటం బావ పని. తన గొంతంటే ఆయనకి మహా మోజు లెండి, మైకు చేతికొస్తే అన్నం కూడా గుర్తుండేది కాదు. ఇప్పటికీ శివరాత్రి వస్తే నాకు ముందు ఆయన గొంతే వినిపిస్తుంది.

మధ్యాహ్నం దాటాక ఒక పోలీసు ఓ పాపని తెచ్చి మా బల్ల మీద కూర్చోబెట్టి పోయాడు. మూడేళ్లుంటాయేమో. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నీ పేరేందమ్మా?" అన్నాడు బావ.

"చిట్టి."

"ఏ ఊరు మీది?"

"మా ఊరే."

"ఎవరితో వచ్చావు తల్లీ?"

"వదిన."

అంతే, బావ అందుకున్నాడు. "వదినగారితో వచ్చిన చిట్టి అనే పాప మా దగ్గర ఉంది. ఆ వదినగారు ఎక్కడున్నా వెంటనే రావాలి!" ఎన్నిసార్లు చెప్పినా ఏ వదినా రాలేదు. ఎండ దిగిపోతోంది. పొద్దుగూకి, ఊళ్లవాళ్లు కట్టి తెచ్చిన ఎత్తైన ప్రభల మీద దీపాలు వెలిగాయంటే ఆ జనంలో ఎవరికి ఎవరు దొరుకుతారు? పాప మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"బావా, నువ్వు కాసేపు ఆగు. పిల్లనే మాట్లాడనిద్దాం. గొంతు గుర్తుపడతారు" అన్నాను.

"ఏందిరా, దాని గొంతు పక్కనున్న నీకే వినపడట్లా, కొండంతా వినపడుద్దా?"

నిజమే. పందిరి వెనకే జనరేటర్. పాప గొంతు కోసం వాల్యూమ్ పెంచితే ముందు జనరేటర్ దడదడే వినిపించింది, వెంటనే పందిరి మీది లౌడ్‌స్పీకర్ హారన్ కుయ్యిమని ఊళ పెట్టింది. హారన్ శబ్దం తిరిగి మైకులోకే దూరితే ఇలాగే అవుతుంది, దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. పాప హడలిపోయి మళ్లీ ఏడుపందుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది, రేడియో పని నేర్పిన మా మాస్టారు చెప్పిన కిటుకు. అంతకుముందు చేసి ఎరగను. ఒకే రకం మైకులు రెండు పక్కపక్కన కట్టి, ఒకదాని వైర్లు తిరగేశాను. జనరేటర్ మోతైనా, హారన్ శబ్దమైనా, నోటికంటే దూరం నుంచి వచ్చే చప్పుడు రెండింట్లోనూ ఒకేలా పడుతుంది. ఒకటి తిరగబడి ఉంది కనక దానికదే చెల్లిపోతుంది. నోటి దగ్గరున్న మైకులో మాట మాత్రం మిగులుతుంది. చెప్పడం తేలికే. జనరేటర్ మీద లోడు మారినప్పుడల్లా దాని మోతా మారుతుంది. హెడ్‌ఫోన్లో వింటూ రెండో మైకు నాబ్ తిప్పుతూ ఉండాలి, మోత తగ్గినచోట ఆపాలి, మళ్లీ మారితే మళ్లీ తిప్పాలి. ఇప్పుడు ఫోన్లలో చిప్పులే ఆ పని చేసేస్తున్నాయి, అడాప్టివ్ ఫిల్టర్ అని పేరు. ఆ రోజు ఫిల్టర్ నా రెండు వేళ్లే.

"చిట్టీ, మీ వదినని పిలువమ్మా" అని ఒక మైకు పెదవుల దగ్గర పెట్టాను.

"వదినా... వదినా, నేనిక్కడున్నా."

అబ్బ! ఆ బొంగురు గొంతు ఎక్కిళ్లతో సహా తిరునాళ్లంతా వినిపించింది. ఎదురుగా జీళ్ల కొట్టు దగ్గర జనం బేరాలాపి మా పందిరి వైపు తిరిగారు. మా బావ కూడా బల్ల మీదకి వంగి వింటున్నాడంటే నమ్మండి.

కాసేపటికి ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చి పాపని వాటేసుకుంది. బొల్లాపల్లి మనిషి. చీర కుచ్చిళ్లన్నీ బురద.

"ఆ వదినవి నువ్వేనా అమ్మా?" అన్నాడు బావ.

"నేను దాని అమ్మనన్నా! మా ఆడబిడ్డలు నన్ను వదినా వదినా అంటుంటే విని ఇదీ అట్టనే పిలుస్తది. ఇందాక నీ పందిరి ముందునుంచే పోయినా. వదినతో వచ్చిన పిల్లంటే నా బిడ్డ కాదులే అనుకొని బావుల కాడికి పోయినా. ఒక్కోదాంట్లో తొంగి చూస్తన్నా."

నేను హెడ్‌ఫోన్ తీసేసి కళ్లు తుడుచుకున్నాను. అందులో సిగ్గేముంది?

బావ పోయి చాలా ఏళ్లయింది, షాపూ లేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఏ తిరునాళ్లలోనైనా పిల్లలు దొరికితే మైకు మొదట వాళ్ల చేతికే ఇచ్చేవాడు. పాప చెప్పిన మాటే కదా ఆయనా చెప్పింది. కానీ ఆయన గొంతులో అది వదిన, పాప గొంతులో అమ్మ.