లింగవ్వ ‘నాట్ యెట్’ అన్న రోజు

ఏర్గట్ల లింగవ్వకు ఇంగ్లీషు మొత్తం అక్కర్లేదు. టౌనులోని కంఠేశ్వర్‌లో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే హెప్సిబా ముందు కూర్చున్న మొదటి రోజే ఆ సంగతి తేల్చి చెప్పింది.

“నిన్న ఏమైంది, ఇయ్యాల యాడిదాంక వచ్చింది, ఎప్పటికైతది, గివే నేర్పు టీచరమ్మా. మిగిలింది నీ పిల్లలకు చెప్పుకో.”

బోధన్ పిల్ల హెప్సిబా నవ్వింది. “గవే కష్టం అక్కా. మిగిలిందంతా అల్కగ వస్తది.”

కష్టమనగానే వెనక్కి తగ్గే మనిషైతే లింగవ్వ ఆడవాళ్ల పసుపు సంఘానికి పెద్ద ఎందుకవుతుంది? అసలు గొడవ నిరుడు మొదలైంది. మా వైపు పసుపు ఉడకబెట్టి కల్లంలో పోశారంటే చాలు, ‘అయిపోయింది’ అనేస్తారు. ఎండబెట్టేది సూర్యుడు, ఆయన పనిని మన పనిలో ఎవరూ లెక్కెయ్యరు. కొచ్చి నుంచి సరుకు కొనే వర్గీస్ సారుకు తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం. ఫోనులో సంఘం వాళ్లు ‘రెడీ’ అన్న ఒక్క ముక్క విని లారీ పంపాడు. తీరా వచ్చి చూస్తే కొమ్ములు లోపల పచ్చి. లారీ ఖాళీగా పోయింది. ఈసారి కూడా అలా జరిగితే ఇక ఫోను చెయ్యనని ఆయన ముందే చెప్పేశాడు. అప్పుడిక సంఘం సరుకంతా దళారి దయకే.

హెప్సిబా పుస్తకం తెరవలేదు. రోజూ సాయంత్రం లింగవ్వ ఫోను చేసి ఆ రోజు పని కబురు ఇంగ్లీషులో చెప్పాలి, అంతే. మొదట్లో లింగవ్వ అన్నిటికీ ‘టుడే’ అనే అనేది. నిన్న తవ్విందీ టుడేనే, వారం తర్వాత ఉడికించబోయేదీ టుడేనే. తప్పు చెబితే టీచరు ఫోను పెట్టేసేది. లింగవ్వ తిట్టుకుంటూ మళ్లీ చేసేది. కల్లంలో కొమ్ములు తిరగేస్తూ ‘సిన్స్ సండే, సిన్స్ సండే’ అని గొణుగుతుంటే, భర్త రాజలింగు పూనకమొచ్చిందా అని ఏడిపించేవాడు. ఎవరేమన్నా వదల్లేదు. చివరికి ‘స్టిల్’కీ ‘ఆల్రెడీ’కీ తడుముకోవడం మానేసింది.

వర్గీస్ సారు ఫోను వచ్చిన రోజు మబ్బు పట్టి ఉంది. సంఘం ఆడవాళ్లంతా కల్లం దగ్గరే ఉన్నారు. ఆర్మూరులో ఖాళీ లారీ ఉందట, రేపే పంపుతాడట, సరుకు రెడీయేనా అని అడిగాడు.

“అయిందను,” అన్నాడు రాజలింగు ఆమె చెవి దగ్గర. “వాన పడితే ఉన్నది గూడ పోతది.”

లింగవ్వ ఒక కొమ్ము తీసి విరవబోయింది. అది విరగకుండా వంగింది. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయని ఆమెకు తెలుసు.

“నాట్ యెట్ సార్,” అంది. పోయిన ఆదివారం నుంచి ఎండుతోందనీ, లోపల ఇంకా పచ్చిగానే ఉందనీ, వాన పడకపోతే శుక్రవారానికి సిద్ధమవుతుందనీ, అంతకుముందు లారీ పంపొద్దనీ ఇంగ్లీషులో ఎక్కడా ఆగకుండా చెప్పింది. అవతల ఫోను కట్టయింది.

“సెడగొట్టినవ్ గదనే,” అన్నాడు రాజలింగు.

“అయిందని రప్పిస్తే మళ్ల ఒట్టిగనే పోతుండె గద. ఇటు రాండ్రి, కప్పుదాం,” అని లింగవ్వ టార్పాలిన్ అందుకుంది.

చివరి మూల కప్పుతుండగా ఫోను మళ్లీ మోగింది. నిరుడు తనకు ఎవరూ ఇలా చెప్పలేదన్నాడు వర్గీస్ సారు. “ఓకే మేడమ్. ఐ విల్ వెయిట్ టిల్ ఫ్రైడే.”

“ఏమంటుండే?” అన్నాడు రాజలింగు.

“శుక్రారం దాంక ఆగుతడట.”

ఆ మాట చెప్పి లింగవ్వ టార్పాలిన్ మీదే కూర్చుండిపోయింది. బుద్ధెరిగిన నాటి నుంచీ ఆగడం ఆమె వంతే. బస్సు కోసం ఆగింది, కాంటా కోసం ఆగింది, దళారి నోరు విప్పేదాకా ఆగింది. ఆమె మాట మీద ఇంకొకరు ఆగడం ఇదే మొదలు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.