నెలకి రెండు మిల్లీమీటర్లు

మా ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు ఆయన చేతిలో స్పానర్ ఉండాలి. పెళ్లికి ముందు మా ఇంటికి వచ్చిన రోజు గంటన్నర కూర్చుని ఆయన మాట్లాడింది ఒకే ఒక్క ముక్క: "మీ ఫ్యాను బేరింగు పోయినట్టుంది." మర్నాడు ఆ ఫ్యాను నిజంగానే ఆగిపోయింది. ఆ ఒక్క మాటకే పడిపోయావా అక్కా అని మా తమ్ముడు నన్ను జీవితాంతం ఏడిపించాడు. జీవితాంతం అంటే వాడి జీవితాంతం. వాడు బతికింది ముప్పై నాలుగేళ్లే.

ఆయన బాగుచేసేవి రోడ్డు మీద తిరిగే బళ్లు కాదు. బండరాళ్ల మీదకి, దుంగల మీదకి, వాగు అడుగున జారే రాళ్ల మీదకి ఎక్కించే బళ్లు. ట్రయల్స్ బళ్లంటారు. ఆ పోటీల్లో వేగంతో పని లేదు. మనిషి నడిచేంత నిదానంగా పోవచ్చు, కాలు మాత్రం నేలకి ఆనించకూడదు. ఆనించిన ప్రతిసారీ ఒక తప్పు రాస్తారు. తక్కువ తప్పులున్నవాడు గెలిచినట్టు, ఒక్కటీ లేకపోతే సున్నా. సున్నా వస్తే ఊరంతా చెప్పుకునే ఆట నాకు తెలిసి అదొక్కటే. పైగా ఆ బండికి సీటుండదు, నిలబడే నడపాలి. "కూర్చోడానికి చోటే లేని బండికి ఇంత సేవేంటండీ" అని కొత్తలో అడిగాను. "చోటుంటే కూర్చుంటారు" అన్నారు. ఆ రోజుకి ఆయన కోటా అయిపోయింది.

మా ఇంటి ముందు గదే షాపు, వెనక రెండు గదుల్లో మేము. మధ్య తలుపు గడియ చుట్టూ ఎప్పుడూ నల్లటి వేలిముద్రలే. నేను తుడవడం, ఆయన అంటించడం, పద్నాలుగేళ్లుగా ఇదే కాపురం. ఇంజన్ లోపలి చప్పుడు వినాలంటే ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి పళ్ల మధ్య కరిచిపట్టుకుంటారు. చెవికంటే దవడ నిజం చెబుతుందట. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ ఒక్కో దెబ్బ లెక్కపెట్టుకునేంత నిదానంగా ఆడాలి, అయినా ఆగిపోకూడదు. దానికోసం కార్బొరేటర్ స్క్రూని వెంట్రుకవాసి తిప్పి, కళ్లు మూసుకుని, మళ్లీ వెనక్కి తిప్పి, ఒక పూటంతా గడిపేవారు. నేను పిలిస్తే వినపడని మనిషికి అది మాత్రం వినపడేది.

ఆయన పనితనం మొత్తం మా తమ్ముడి బండిలో కనపడేది. వాడు అచ్చుయంత్రం మీద పనిచేసేవాడు. చిన్నప్పటినుంచీ సన్నం, అందుకే అందరూ "పుల్ల" అనేవారు. పెళ్లి చేసుకోరా అంటే బండి ఒప్పుకోవడం లేదనేవాడు. ఆదివారం వచ్చాడంటే మా ఇంట్లో నోళ్లన్నీ వాడివే. మా ఆయన మాట్లాడాల్సినవి కూడా వాడే మాట్లాడేవాడు. "బావ ఇప్పుడేమనుకుంటున్నాడో చెప్పనా అక్కా" అని మొదలుపెట్టి ఆయన గొంతు పెట్టి చెప్పేవాడు, ఆయన తల దించుకుని నవ్వుకునేవారు.

నెలలో మొదటి ఆదివారం కొలత. ట్రయల్స్ బండి ఒక మనిషి బరువుకి సరిపెట్టినది. ఆ మనిషి ఎక్కి నిలబడితే వెనక భాగం ఎంత కుంగాలో అంతే కుంగాలి. ఎక్కువ కుంగితే బండి రాయి ఎక్కదు, తక్కువ కుంగితే రాయి మీంచి ఎగిరి తన్నుతుంది. మా తమ్ముడు హెల్మెట్, బూట్లు అన్నీ వేసుకుని, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, ఒక చెయ్యి గోడకి ఆనించేవాడు. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని చక్రం ఇరుసు నుంచి మడ్‌గార్డు మీద గీసుకున్న గీత దాకా టేపు పట్టేవారు. అరవై మిల్లీమీటర్లు కుంగాలి. తేడా ఉంటే స్ప్రింగు మీది నట్టుని తిప్పి మళ్లీ అరవైకి తెచ్చేవారు. తెచ్చాక, మొదట వచ్చిన కొలతని షాపు తలుపు వెనక గోడ మీద పెన్సిల్‌తో రాసుకునేవారు.

ఒక ఏడాది చలికాలంలో కొలత యాభై ఎనిమిదికి వచ్చింది. వెనక స్ప్రింగుని చక్రానికి కలిపే లింకు బేరింగుల్లోకి నీళ్లు పోయి బిగుసుకుపోయి ఉంటాయని ఆయన వాటిని విప్పి, కడిగి, గ్రీజు పెట్టారు. అయినా యాభై ఎనిమిదే. నట్టు కొంచెం వదులు చేసి అరవై చేశారు. పై నెల మళ్లీ యాభై ఎనిమిది. మళ్లీ వదులు చేశారు.

ఆ తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. "క్లచ్ బరువుగా ఉంది బావా, పది నిమిషాలకే వేళ్లు లాగేస్తున్నాయి." ఆయన క్లచ్ స్ప్రింగులు మార్చి మెత్తగా చేశారు. "కిక్ కొడుతుంటే మోకాలు వణుకుతోంది, ఇంజన్ మరీ గట్టిపడింది." మందమైన గాస్కెట్ వేసి ఇంజన్ బిగువు తగ్గించారు. "పెద్ద బండ మీదకి లాగితే ముందు చక్రం లేవడం లేదు." హ్యాండిల్ వెనక్కి జరిపారు. "బండి ముసలిదైపోతోంది బావా" అన్నాడు మా తమ్ముడు ఒకరోజు. ఆయనకి ఉక్రోషం వచ్చినట్టుంది. వారం రోజులు కూర్చుని మొత్తం బండి విప్పి మళ్లీ బిగించారు. కొత్తదానిలా ఉందని మా తమ్ముడు మురిసిపోయాడు.

నేను తక్కువ తిన్నానా? ప్రతి ఆదివారం వాడికి వడ్డించింది నేనే. కంచంలో సగం వదిలేస్తుంటే, బరువు తగ్గితే బండలెక్కడం తేలికట, అందుకే కడుపు మాడ్చుకుంటున్నాడు అనుకున్నాను. "దవడ ఎముకలు తేలి హీరోలా ఉన్నావురా" అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

పదో నెలలో వాడు అచ్చుయంత్రం దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో కడుపులో గడ్డ అన్నారు. అప్పటికే కాలేయానికి పాకింది. డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ, "బరువు ఎప్పటినుంచి తగ్గుతున్నాడు?" అని అడిగింది. మా తమ్ముడు తెలియదన్నాడు. నేను తెలియదన్నాను. తలుపు దగ్గర నిలబడిన మా ఆయన, ఎవరూ అడగకుండా నోరు విప్పారు.

"పది నెలల నుంచండీ. నెలకి రెండు మిల్లీమీటర్లు."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఇంటికి వచ్చి తలుపు మూసి దాని వెనక గోడ చూశాను. యాభై ఎనిమిది, యాభై ఎనిమిది, ఒకచోట యాభై ఏడు. ప్రతిదాని పక్కనా ఆయన గుండ్రటి అక్షరాల్లో ఒకే మాట: సరిచేశాను. పది సార్లు అదే మాట. వాడి ఒళ్లు కరిగిపోతుంటే అది వాడికే తెలియకుండా బండిని వాడితో పాటు తగ్గించుకుంటూ వచ్చారు. ఆ పని ఇంత బాగా రాని మేస్త్రీ అయితే, బండి మా తమ్ముణ్ని రెండో నెల్లోనే ఏ రాయి మీంచో తన్ని పడేసేది. దెబ్బ తగిలి డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు.

"ఇన్నిసార్లు కొలిచారు కదా, ఒక్కసారి తలెత్తి వాడి మొహం చూశారా?" అని అడిగాను.

"బండి చూశాను" అన్నారు.

ఆ తర్వాత నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. వంట చేసి మూత పెట్టేదాన్ని, ఆయన తిని గిన్నె కడిగేవారు. మా తమ్ముణ్ని మా ఇంట్లోనే ఉంచుకున్నాం. మంచం మీంచి వాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాడు. "నేను చెప్పింది బండి గురించే కదక్కా. నాకే తెలియనిది బావకేం తెలుస్తుంది" అనేవాడు. వాడి మంచితనం చూస్తే నాకు ఇంకా మండేది.

ఒకరోజు వాడు బండి ఎక్కుతానన్నాడు. నేను కుదరదన్నాను. మా ఆయన షాపులోకి వెళ్లి మూడు రోజులు పనిచేశారు. అప్పటికి మా తమ్ముడు నలభై ఆరు కిలోలు. ఉన్న స్ప్రింగు తీసేసి మెత్తటిది ఎక్కడినుంచో తెచ్చి వేశారు. ఒక్క వేలితో నొక్కితే క్లచ్ పడేలా చేశారు. ఇంజన్ ఎంత నెమ్మదిగా ఆడిందంటే, వెనక గదిలోంచి దెబ్బలు లెక్కపెట్టుకున్నాను.

పెరట్లో గోడ పక్కన మోకాలెత్తు కూడా లేని దుంగ ఒకటి వేశారు. కిక్ ఆయనే కొట్టారు. మా తమ్ముణ్ని ఎత్తి ఫుట్‌రెస్టుల మీద నిలబెట్టి, పక్కనే చేతులు చాపుకుని, ముట్టుకోకుండా నడిచారు. బండి దుంగ దాకా వెళ్లి, ముందు చక్రం ఎక్కి, వెనక చక్రం ఎక్కి, అవతల దిగింది. వాడి కాలు ఎక్కడా నేలకి తగల్లేదు. గోడ చివర ఆగి, ఊపిరి తీసుకుని, "సున్నా" అన్నాడు. మా ఆయన వాణ్ని చంకల కింద పట్టుకుని దించారు. పదహారో రోజున వాడు పోయాడు.

నేను మాట్లాడలేదు. ఏడుపు కూడా ఆయన ముందు ఏడవలేదు. తరవాతి నెల మొదటి ఆదివారం ఆయన వంటగది గుమ్మంలో నిలబడి, "ఒకసారి షాపులోకి వస్తావా, బండి మీద నిలబడాలి" అన్నారు. ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న గిన్నె గట్టు మీద కొట్టి వెళ్లిపోయాను. పై నెల మళ్లీ వచ్చి అదే మాట అన్నారు. ఆయన కళ్ల కింద నలుపు చూసి ఎందుకో వెళ్లాను. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆయన కొలిచి, మా తమ్ముడి అంకెలకి దూరంగా కొత్త చోట రాసుకున్నారు. నట్టు ముట్టుకోలేదు.

మూడో నెల కూడా ఎక్కాను. ఆయన కొలిచారు. టేపు వదిలేసి మళ్లీ కొలిచారు. నట్టు తిప్పే స్పానర్ ఆయన పక్కనే నేల మీద ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి దాని మీదకి వెళ్లింది. పట్టుకుని, తీయకుండా, మళ్లీ వదిలేశారు. అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూశారు.

"ఐదు మిల్లీమీటర్లు తగ్గింది. నువ్వు తింటున్నావా?"

ఎనిమిది నెలల తర్వాత ఆయనతో మాట్లాడాను. "తినబుద్ధి కావడం లేదండీ" అన్నాను.

ఆయన తల ఊపారు. స్పానర్‌ని పక్కకి నెట్టేశారు.

"వాణ్ని కూడా ఇదే అడగాల్సింది" అన్నారు.