తుమ్మకాయలు మేసిన మంద

మాకు పొలం లేదు. మామిడి తోటల వెనక ఉన్న కొండే మా గొర్రెలకు మేత. తూర్పు వాలు మేపుతున్నప్పుడు పడమటి వాలును గడ్డి గింజ రాలేదాకా వదిలేసేవాళ్ళం. వదిలిన గడ్డిలో కౌజు పిట్టలు గుడ్లు పెట్టేవి, కుందేళ్ళు పిల్లల్ని దాచుకునేవి. కట్టెలకు వెళ్ళే ఆడవాళ్ళు కూడా ఆ వైపు అడుగు పెట్టేవారు కాదు.

కొండకు పోయే డొంక దారి ఒక పెద్ద రైతు తోటను ఆనుకుని ఉంది. కిందటేడు కాపు సమయంలో, అడవిపందులు దిగుతున్నాయని, ఆయన డొంకకు అడ్డంగా ముళ్ళతీగ కంచె వేయించాడు. మందను తారురోడ్డు మీదుగా చుట్టూ తిప్పాల్సి వచ్చింది. విస్సన్నపేట వైపు నుంచి వచ్చిన కాయల లారీ కింద మా చూడి గొర్రె పడింది.

డొంక తెరవమని నాన్న అడగడానికి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. ఆ రైతు కాయలు తూకం వేయిస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"కొండేమన్నా మీ తాత నాటాడా ఏంటయ్యా? గొర్రెల్ని అమ్మేసి మీ అమ్మాయిని ఏదన్నా షాపులో పెట్టు. నోట్లో మాట లేదుగా, బేరాలు చెడగొట్టదులే."

కూలీలు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నాన్నను అలా నవ్వించినందుకే ఆయన మీద నాకు ఎక్కువ పగ పుట్టింది. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్న మాటలు ఇక్కడ రాయలేను. నేను చదివే లైబ్రరీ పుస్తకాల్లో పగ తీర్చుకునేవాళ్ళకు కత్తులుంటాయి, గుర్రాలుంటాయి. నాకు గొర్రెలున్నాయి.

కోతలయ్యాక ఆయనే కబురు పెట్టాడు, తోటలో మంద పెట్టమని. గొర్రెలు రాత్రిళ్ళు చెట్ల కింద పడుకుంటే ఆ పెంట, ఆ ఉచ్చ తోటకు మంచి ఎరువు. మంచిగా ఉంటే డొంక తెరుస్తాడేమోనని నాన్న ఒప్పుకున్నాడు.

దీనికి మాలో ఒక కట్టుబాటు ఉంది. మంద పెట్టబోయే ముందు గొర్రెల్ని సర్కారు తుమ్మల దరికి పోనివ్వకూడదు. ఆ కాయలు తియ్యగా ఉంటాయి, గొర్రెలు ఎగబడి తింటాయి. గింజ మాత్రం అరగదు. పెంటలో పడి తొలకరికి మొలుస్తుంది. అందుకని కొన్నాళ్ళు ఉత్త గడ్డి మేపి, పొట్ట ఖాళీ అయ్యాకే తోటలోకి తోలాలి.

అప్పుడు నాన్నకు జ్వరం. మందను నేనే తోలుకెళ్ళాను. కొండకని రోడ్డెక్కలేదు. వాగు ఒడ్డున తుమ్మలు విరగకాసి ఉన్నాయి. కొమ్మలు కర్రతో దులిపి మరీ మేపాను. సాయంత్రం మందను ఆయన తోటలోకి తోలాను. మర్నాడూ అంతే, మంద అక్కడున్నన్నాళ్ళూ అంతే. ఎరువు బాగా పడిందని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

వానలు పడ్డాయి. మామిడి చెట్ల కింద, పాదుల్లో, కాలువల్లో తుమ్మ మొలిచింది. పీకితే మొదలు దగ్గర తెగి మళ్ళీ చిగురు వేసేది. ఆయన మా ఇంటి ముందు బండి ఆపి, ఏం మేపావయ్యా అని నాన్న మీద అరిచాడు. నాన్నకు ఏమీ తెలియదు. తెల్లబోయి నా వైపు చూశాడు.

పరాయివాళ్ళ ముందు నాకు మాట రాదు. ఆ రోజు వచ్చింది.

"కొండ మూసేశారు కదండీ. తుమ్మలు కాక ఇంకేం మేస్తాయి?"

ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"కావాలనే మేపావు కదే?" అన్నాడు నాన్న. "ఇది బయటపడితే మన మందను ఏ తోటలోకీ రానివ్వరు."

"మిగతావాళ్ళెవరూ డొంక మూయలేదు నాన్నా."

నాన్న అన్నం పెట్టమన్నాడు.

ఆ వారంలోనే కంచెలో మంద పట్టేంత మేర తీగ కోయించాడు ఆ రైతు. పైయేడు కొండగడ్డి తిన్న మందే కావాలని ఆయన పాలేరుతో చెప్పి పంపాడు. నాన్న ఆ పాలేరుకే దండం పెట్టాడు. నేను పెట్టలేదు. తీగ కోస్తే చూడి గొర్రె తిరిగి రాదు.

మొదటి రోజు మందను డొంకలో తోలుతుంటే ఆయన తోటలో వంగి కనిపించాడు. తుమ్మ మొదళ్ళు తవ్వుతూ, అరచేతిలో దిగిన ముల్లును పంటితో లాక్కుంటున్నాడు. గొర్రెలు కొండ వాసనకు తొందరపడుతున్నాయి. నేను ముందుకు వెళ్ళి, కర్ర అడ్డం పెట్టి వాటిని నెమ్మదిగా నడిపించాను.