గుమ్మానికి ఎదురుగా మూరెడు గోడ

గోడకు లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, నున్నగా తేల్చడం నా పని. పన్నెండేళ్లుగా షార్జాలో ఒక కాంట్రాక్టరు దగ్గర చేస్తున్నాను. ఉండేది అజ్మాన్‌లో. నా చేయి పడిన గోడ మీద ఈగ వాలినా జారిపడాలని నా పట్టుదల. ఆ పట్టుదలే ఒకసారి నా కొంప ముంచబోయింది.

కరోనా తగ్గాక దుబాయ్‌లో ఒక పెద్ద విల్లా పని వచ్చింది. దాన్ని కొన్నాయన యూదుడు. ముంబైలో పుట్టి, చిన్నప్పుడే ఇజ్రాయెల్ వెళ్లి, ఇప్పుడు వ్యాపారానికి ఇక్కడ దిగాడు. డెబ్బై ఏళ్లుంటాయి, హిందీ బాగా మాట్లాడతాడు. హాలంతా పాలరాయి. తీరా చూస్తే గుమ్మానికి ఎదురుగా, అడుగుపెట్టగానే కంటపడే చోట, గోడలో ఒక చదరపు ముక్కకు ప్లాస్టరు లేదు. ముందు పనిచేసిన మహానుభావులు ఎగ్గొట్టి పోయారనుకున్నాను. మన పనితనమేమిటో చూపిద్దామని, రెండు రోజులు మధ్యాహ్నం తిండి మానుకుని దాన్ని పూడ్చి రంగు కొట్టేశాను. చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన వచ్చి గోడ వంక చూశాడు. మెచ్చుకుంటాడని చేతులు తుడుచుకుంటూ దగ్గరికి పోయాను.

"అరే, యే క్యా కియా?" అన్నాడు. కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

మా ముదీర్‌కు, అంటే మా పై అధికారికి, ఇంకేం కావాలి? "ఖలాస్! రేపటి నుంచి రాకు, టికెట్ చేతిలో పెడతా" అని అరిచాడు. ఇండియాలో మా కొత్త ఇల్లు అప్పుడే స్లాబు దాటి ప్లాస్టరుకు వచ్చింది. ఈ కొలువు పోతే అది అక్కడే ఆగిపోతుంది.

పెద్దాయనే అడ్డుపడ్డాడు. "పంపించొద్దు. పూడ్చినవాడే తవ్వుతాడు" అని, గోడకు మోచేయి ఆనించి వేలి కొస దాకా కొలిచాడు. అచ్చం మా ఊరి అంగట్లో పూలమ్మే ముసలమ్మ మూర వేసినట్టే.

నా నున్నని గోడను నేనే ఉలితో చెక్కుతుంటే ఏడుపొచ్చింది. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని సంగతి చెప్పాడు. రెండు వేల ఏళ్ల కింద జెరూసలేంలో వాళ్ల గుడిని కూల్చేశారట. అది మరవకూడదని, ఎంత గొప్ప ఇల్లు కట్టుకున్నా మూరెడు గోడ పూర్తి చేయకుండా వదిలేస్తారట. ఫోన్‌లో ఆ నగరం ఫొటోలు చూపించాడు. బిడ్డ పెళ్లి ఆల్బం చూపించే తండ్రిలా ఒక్కటీ వదల్లేదు. "మా దేశంలో రాళ్లు కూడా పొద్దుటెండకు బంగారంలా మెరుస్తాయి" అన్నాడు. అంత మెరిసే దేశం వదిలి ఈ ఇసుకలో విల్లా ఎందుకయ్యా అని అడగబోయి, టికెట్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"నీదే ఊరు?" అన్నాడు.

"హైదరాబాద్." ఎవరడిగినా అదే చెప్తాను.

"ఓహో, బిర్యానీ!" అని సంబరపడ్డాడు.

నా ఊరు హైదరాబాద్ కాదు. నా ఊరు ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఇళ్లు పోయిన వాళ్లకిచ్చిన కాలనీలోనే మా కొత్త ఇల్లు. ఆయన గుడి పోయి రెండు వేల ఏళ్లు. నా ఊరు మునిగి పదేళ్లు కాలేదు. అప్పుడే దాని పేరు పలకడం కూడా మానేశాను. ఆహా, ఏం జ్ఞాపకశక్తి నాది! ఉలి చేతిలో పట్టుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

సెలవు రోజు నా భార్యకు వీడియో కాల్ చేశాను. ఇంటికి ప్లాస్టరు మొదలైందని సంతోషంగా చెప్పింది.

"గుమ్మం ముంగట గోడకు మూరెడు జాగ ఇడిశిపెట్టుమని మేస్త్రికి చెప్పు" అన్నాను.

"ఎండకు పిచ్చిలేసిందా ఏంది? మంది గోడలన్ని నున్నగ జేస్తవ్, మనింటికి బొక్క పెడ్తవా?"

"మనూరు యాదికుండాలె."

తెర మీద ఆమె మొహం పక్కకు తప్పుకుంది, ఉత్త గోడే కనిపించింది. ఆమె పుట్టిల్లూ ఆ ఊరే. నెట్ పోయిందేమోనని "హలో, హలో" అన్నాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"మూరెడు సాల్తదా?" అంది.