నేను నీళ్ళు పోసిన గొర్రెపిల్ల

మొన్న మదనపల్లె ఆసుపత్రిలో కూతురికి కాన్పయితే, సంచీలోంచి కొత్త సబ్బుబిళ్ళ బయటికి తీశాను. "ఈపొద్దు బిడ్డకి నీళ్ళు పోయొద్దమ్మా, తల్లికాడే ఉండనీ" అంది నర్సు. ఆ సబ్బు వాసనకు పుంగనూరు అవతల మా అవ్వ గొర్రెలదొడ్డి గుర్తొచ్చి, యాభై ఏళ్ళనాటి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మా అమ్మ కూడా నర్సే. పుట్టిన బిడ్డలకు నీళ్ళు పోసి తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చే ఆమె చేతులంటే నాకు లోకంలో అన్నిటికన్నా గొప్ప. ఎనిమిదేళ్ళప్పుడు క్రిస్మస్ సెలవులకు సోమల బస్సెక్కి అవ్వ ఊరు చేరేసరికి ఇల్లంతా కజ్జికాయల నూనెవాసన, ఉడికే ఉలవల ఆవిరి, వాటన్నిటి మీదా దొడ్డిలోంచి వచ్చే తడి ఉన్ని వాసన.

ఆ మధ్యాహ్నమే నల్లచెవుల గొర్రె రెండు పిల్లల్ని ఈనింది. అది మొదటిదాన్ని నాకుతుండగా, జిగటగా పడివున్న రెండోదాన్ని నేను తొట్టి దగ్గరికి ఎత్తుకుపోయి, అచ్చం అమ్మలాగే సబ్బు రుద్ది, కడిగి, పావడాతో తుడిచి తెచ్చాను. ఎంత మురిసిపోయానో! గొర్రె దాన్ని ఒకసారి ముక్కుతో వాసన పట్టి మూచూసి, తలతో కుమ్మి పడేసింది. మళ్ళీ నిలబెడితే మళ్ళీ కుమ్మింది.

అవ్వ పరుగెత్తుకొచ్చింది. "ఎంత పని జేస్తివే తల్లీ! వాసన పోతే అది పిల్లని యెట్ల గుర్తుపడ్తాది? సలికి వణకతాండాది సూడు. పొద్దు గుంకేలోగా ముర్రుపాలు తాగకుంటే బతకదు."

నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ పిల్లను కంబళిలో చుట్టి నా ఒళ్ళో పెట్టి, ఈనిన గొర్రెకు పిల్లల వెనకాల మావి పడేదాకా కనిపెట్టుకుని కూర్చుంది. పడగానే ఆ తడినంతా పిల్ల ఒంటికి, తోక మొదలుకి రుద్ది తల్లి ముందు నిలబెట్టింది. గొర్రె మూచూసింది. మళ్ళీ చూసింది. అప్పుడు గొంతులోనే, సన్నగా, నేనెన్నడూ వినని గొంతుతో పిలిచి నాకడం మొదలుపెట్టింది. కాళ్ళు నిలవని పిల్ల తోకాడిస్తూ పొదుగులోకి దూరింది. అబ్బ, దానికి దారి ఎవరు చెప్పారు!

అది బతికింది. కానీ వేసవి సెలవులకు వెళ్ళేసరికి దాని తోడుది కంచెలు దూకుతుంటే, ఇది ఇంకా చిన్నగానే ఉంది.

"ఇదీ అదే తల్లి పాలు తాగింది గదవ్వా, యాల ఎదగలా?" అన్నాను.

"ఆపొద్దు పాలు ఆలస్యమాయ గదమ్మా. ఐనా తల్లి ఇడిసిపెట్లేదు. ఇప్పటికీ దాన్నే మళ్ళీమళ్ళీ పిలుస్తాండాది, ఇను" అంది.

అవ్వ పోయింది. దొడ్డి ఉన్నచోట ఇప్పుడు టమోటా తోట. గొర్రెలు మేసిన బీడూ లేదు, ఆ పిలుపూ లేదనుకున్నాను. ఇక్కడ ఆసుపత్రి మంచం మీద నా కూతురు కళ్ళు మూసుకుని, బిడ్డ మాడు మూచూస్తూ, గొంతులోనే సన్నగా ఏదో అంటోంది. నేను సబ్బును మళ్ళీ సంచీలో పెట్టేశాను.