పచ్చ అంటే ఏ పచ్చ?

ఆ రోజుల్లో బ్రిస్బేన్‌లో నాకు అన్నీ ఉండేవి, మనుషులు తప్ప. పొద్దున యూనివర్సిటీకి వెళ్ళడం, సాయంత్రం సన్నీబ్యాంక్‌లో ఒక హోటల్లో గిన్నెలు తోమడం, గదికొచ్చి అన్నంలో ఆవకాయ కలుపుకుని తిని పడుకోవడం. నన్నెవరూ ఒక్క మాట అనేవారు కాదు. అదే నా ఏడుపు. తిట్టడానికైనా ఒక మనిషి ఉండాలి కదండీ! పార్కులో నలుగురు గుంపుగా కనిపిస్తే చాలు, వాళ్ళకి కాస్త దూరంలో నిలబడి, పిలుస్తారేమోనని ఆశగా చూసేవాణ్ణి. అలా నిలబడ్డ ఒక ఆదివారం నా కొంప మునిగింది.

ఆ రోజు కనిపించిన గుంపు చేతుల్లో కత్తులున్నాయి (మొద్దు కత్తులే లెండి, వంకాయ కూడా తెగదు). వారమంతా ఉద్యోగాలు చేసుకుని, ఆదివారాల్లో మధ్యయుగాల సైనికుల వేషాలు కట్టి యుద్ధం ఆడుకునే దళం అది. వాళ్ళ నాయకుడు వృత్తికి ప్లంబరు, గడ్డానికి చక్రవర్తి. ఆయనకి నేను మనసులో ‘దొరగారు’ అని పేరు పెట్టుకున్నాను. నిజంగానే ఆయన నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, చల్లటి కూల్‌డ్రింకిచ్చి అంతా వివరించారు. పూర్వం ఒక ప్రభువు కొలువులో ఉన్నవాళ్ళందరూ ఆయన రంగులే తొడుక్కునేవారట, ఆయన చిహ్నమే గుండెల మీద కుట్టించుకునేవారట. ఈ దళం అంగీ నిలువునా సగం ఆకుపచ్చ, సగం తెలుపు. గుండెల మీద అడవిపంది. ఎదుటి దళానిది సగం పసుపు, సగం తెలుపు. వాళ్ళ చిహ్నం కోడిపుంజు. (భీమవరం పక్కనుంచి వెళ్ళినవాణ్ణి, కోడిని వదిలేసి పందిని పట్టుకున్నాను. నా రాత!) “మా రంగులు వేసుకున్న రోజు నుంచీ నువ్వు మావాడివే, మేట్,” అన్నారు దొరగారు. ఆ దేశంలో నన్ను ‘మావాడు’ అంటానన్న మొదటి మనిషి ఆయనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రంగులు లేనివాడు వరసలో నిలబడకూడదు కాబట్టి, అప్పటిదాకా నేను టీషర్టులో నీళ్ళ క్యాన్లు మోశాను. చలికాలంలో పెద్ద పోటీ ఉంది, దానికి నన్ను వరసలో నిలబెడతామన్నారు. పాత అంగీలన్నీ వెలిసిపోయాయని, కొత్తవి ఎవరు కుడతారని అందరూ మథన పడుతున్నారు. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అన్నారా? నేను ఊరుకోలేదు. “మా పిన్ని కుట్టిస్తుంది,” అనేశాను. మా పిన్నికి తణుకులో జాకెట్ల షాపుంది. ఆవిడ చేయించే మగ్గం వర్క్ లేకుండా ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళికూతురూ పీటల మీద కూర్చోదు. పంది బొమ్మని పెన్సిల్‌తో గీసి, కొలతలతో పాటు ఫోన్లో పంపి, రంగుల సంగతి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను.

వెంటనే ఫోన్ చేసింది పిన్ని. “ఒరేయ్, గుండెల మీద పందేంట్రా నీ మొహం! ఏ నెమలో, ఏనుగో అంటే ఓ అందం.”

“అది అడవిపంది పిన్నీ. పౌరుషానికి గుర్తు.”

“ఏ అడవిదైనా పంది పందే కదరా,” అని నిట్టూర్చింది గానీ, కాదనలేదు.

నా గదిలో ఉండే కరీంనగర్ అన్న మంచం మీద పడుకుని ఇదంతా విన్నాడు. “రంగు మంచిగ చెప్పినవా తమ్మీ?” అన్నాడు.

“చెప్పా అన్నా. కుడివైపు పచ్చ, ఎడమవైపు తెలుపు.”

“పచ్చంటే ఏ పచ్చ? ఆకుపచ్చనా, పసుపుపచ్చనా? మా దిక్కు ఉత్త పచ్చంటే పసుపే.”

“మావాళ్ళకి ఆమాత్రం తెలుసులే అన్నా,” అన్నాను, గోదావరి జిల్లాల పరువంతా నా భుజాల మీదే ఉన్నట్టు. ఆయన దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

పార్సిల్ సరిగ్గా పోటీకి ముందు రోజు వచ్చింది. దొరగారి గరాజ్‌లో దళమంతా చుట్టూ నిలబడితే, నేను పెళ్ళిపెద్దలా కత్తెర పట్టుకుని విప్పాను. లోపల పసుపు. మామూలు పసుపు కాదు, పెళ్ళికూతురికి నలుగు పెట్టేంత పసుపు. దాని మీద జరీతో, పూసలతో, అక్కడక్కడా అద్దాలతో ధగధగలాడిపోతున్న పంది. దాని నుదుట నిలువు నామం. దొరగారు ఒక అంగీని ఎత్తి వెలుతురులో పట్టుకుని చూసి, “ఇట్స్... యెల్లో, మేట్,” అన్నారు. తిట్టినా బాగుండేది. ఇన్నాళ్ళూ తిట్టేవాడు లేడని ఏడ్చాను కదా, ఆ రోజు నిజంగా తిట్లు కావలసి వచ్చినప్పుడు ఆయన నా భుజం తట్టారు.

బయటికొచ్చి ఫోన్ చేశాను. “పచ్చ అన్నావు, పచ్చే కుట్టించాను,” అంది పిన్ని.

“ఆకుపచ్చ పిన్నీ!”

“మరి ‘ఆకు’ అనలేదేంట్రా? మొదటిసారి యుద్ధానికి వెళ్తూ శుభమా అని పసుపు కాక ఇంకేం వేసుకుంటావు? నామం పెట్టించాను చూశావా, ఇప్పుడది పంది కాదు, వరాహస్వామి. కళ్ళకద్దుకుని వేసుకో.”

ఏం చెప్పను? ఒక్క ‘ఆకు’ నేను మింగేసినందుకు ఒక దళం మొత్తం శత్రువుల రంగులోకి మారిపోయింది. మర్నాడు మిగతావాళ్ళు వెలిసిపోయిన పాత అంగీలే తొడుక్కున్నారు. నాకు పాతదంటూ లేదు కదా! పసుపు వరాహస్వామితోనే వెళ్ళి దొరగారి పక్కన వరసలో నిలబడ్డాను. ఎంతసేపు? పర్యవేక్షకుడు వచ్చేంతవరకు. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, “పసుపు వాళ్ళందరూ అటువైపు, మేట్,” అన్నాడు. వాడు మావాడేనని దొరగారు వాదించారు. “ఉండొచ్చు. కత్తి ఎత్తాక మొహాలు కనపడవు, రంగే కనపడుతుంది. ఎవరికీ దెబ్బ తగలకూడదంటే నేను రంగునే నమ్మాలి,” అన్నాడాయన. ఆ మాట తప్పని ఎలా అంటాం?

మైదానం దాటి కోడిపుంజుల వరసలోకి నడిచాను. నేను ఎవరి పక్కన నిలబడాలని నెలల తరబడి నీళ్ళు మోశానో వాళ్ళంతా ఎదురుగా ఉన్నారు. కొమ్ము ఊదారు. నామీదికి వచ్చింది దొరగారే. కత్తితో భుజం మీద నెమ్మదిగా, గుమ్మడిపండు పక్వానికి వచ్చిందో లేదో చూసినట్టు తట్టి, “సారీ, మేట్,” అన్నారు. నిబంధన ప్రకారం చచ్చిపోయి పడుకున్నాను. పైన తెల్ల కాకటూ చిలకలు గోల పెడుతున్నాయి. ఇనప టోపీలో ఏడిస్తే కళ్ళు తుడుచుకోవడం కుదరదని నాకప్పుడే తెలిసింది. చివరికి మావాళ్ళు ఒక మనిషి తక్కువై ఓడిపోయారు. ఆ మనిషిని నేనే. గెలిచిన కోడిపుంజులు నన్ను లేపి, వీపు చరిచి, వచ్చే ఆదివారం నుంచి తమతో రమ్మన్నారు. వచ్చే ఏడు సరైన రంగులో వద్దువుగాని అన్నారు దొరగారు. ఆ వచ్చే ఏటికి నాకు సిడ్నీలో ఉద్యోగం వచ్చింది. ఆకుపచ్చ వరసలో నేను ఎప్పుడూ నిలబడనేలేదు.

ఇప్పుడు సిడ్నీలోనే ద పాండ్స్ అనే పేటలో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి క్రికెట్ జెర్సీ వేసుకుని వచ్చింది. ఆస్ట్రేలియా జట్టుది, ఆకుపచ్చా పసుపూ కలిసినది. వారాంతపు తెలుగు క్లాసులో రంగుల పేర్లు నేర్చుకు రమ్మన్నారట. ఒక రంగు మీద వేలు పెట్టి, “నాన్నా, వాట్ డు యూ కాల్ దిస్?” అంది.

“పచ్చ.”

“అండ్ దిస్ వన్?”

“అదీ పచ్చే.”

“దట్స్ నాట్ ఫెయిర్ నాన్నా. పిక్ వన్!”

నవ్వొచ్చింది. నామం పెట్టిన పందిని గుండెల మీద మోస్తూ, గడ్డిలో చచ్చినట్టు పడుకుని నిజంగా ఏడుస్తున్న ఆ కుర్రాడు కళ్ళముందు మెదిలాడు. లేవరా అబ్బాయ్, వీళ్ళు రెండు పచ్చల్నీ కలిపి ఒకే చొక్కా కుట్టుకున్నారట, మనకే ఎవరూ చెప్పలేదు, అని వాడితో అనాలనిపించింది. అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది. రెండూ రాసుకోమన్నాను.